గంగవాయిలికూర, బొబ్బెర్లు



ఆకుకూర వండుట కూడ ప్రసంగమునకు విషయమేనా యని గృహిణులు నవ్వవచ్చును. కాని మా కొండపాక వైపు వానకాలమున పొయ్యిమీద ఉడుకు గంగవాయిలికూర కథ వంటింటితో ముగియదు; చేనివరకు పోవును.

మొదట వంట చెప్పెదము. ఈ కూరను కందిపప్పుతో వండువారు కలరు, బొబ్బెర్లతో వండువారును కలరు. రాత్రి నానవేసిన బొబ్బెర్లను మెత్తగా ఉడికింపవలెను. గంగవాయిలి నేలనంటి పెరుగును గనుక, మట్టి పోవువరకు నాలుగు నీళ్ళ కడిగి, తరిగి, అందులో వేయవలెను. ఆకునకే కొంత పులుపు కలదు. చింతపండు కొంచెము చాలును. పిదప ఎల్లిగడ్డ, ఎండుమిరప, జీలకర్రలతో పోపు పెట్టవలెను. ఉడికిన నీటిని పారబోయరాదు. మూత్రపిండములలో రాళ్ళున్నవారు మాత్రము మితముగా తినుట మేలు.

దీనికి జత జొన్నరొట్టె. జొన్నలలో లైసిన్ అను పోషకము తక్కువ; బొబ్బెర్లలో అది ఎక్కువ. ఒకదాని కొరతను రెండవది తీర్చును. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు పొందిన పరిశోధనాలయము ధాన్యము, పప్పు, ఆకుకూర కలిపి తినుమని చెప్పుచున్నది. మన పెద్దలకు ఆ పళ్ళెమును కూర్చి యిచ్చినది చేను.

జొన్నచాళ్ళ నడుమ బొబ్బెర్లు విత్తెడివారు. వాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిచ్చును. గంగవాయిలిని ఎవరును విత్తలేదు. కలుపుతీయ బోయిన స్త్రీలు ఒడినిండ కోసికొని వచ్చిరి. పత్తి యొక్కటే వేసి కలుపుమందు చల్లిన చేనిలో ఈ రెండును మిగులవు.

2022 ఫిబ్రవరిలో మల్లన్నసాగరము ప్రారంభమైనది. దానికొరకు కొండపాక మండలమున ఎర్రవల్లి, సింగారము గ్రామములు మునిగినవి. అంత మూల్యమునకు వచ్చిన నీటితో వరి యొక్కటే పండించి, చేతికందు కూరను అంగడిలో కొనుట మనకు తగునా? రైతుసోదరులు రెండు చాళ్ళు బొబ్బెర్లకు, మందు తగులని చెక్క నేల ఆకుకూరకు విడువవలెనని మా మనవి. ఆ కొంచెము నేల మిగిలిననే మన పిల్లలకు ఈ రుచి మిగులును.