ఊరి నీరు – పాత యంత్రము

ఉదయమున లేచి కొళాయి త్రిప్పుదుము. మొదట గాలి బుసకొట్టును. పిదప నాలుగు చెంబులు తుప్పు రంగు నీరు వచ్చును. ఆ తరువాత గాని తేటనీరు రాదు. ఏనాడైన అసలే రానిచో, ‘నేడు నీళ్లేల రాలేదు?’ అని వీధి యంతయు ప్రశ్నించును. ‘మన ఊరి పంపు వయస్సెంత?’ అని మాత్రము మనలో ఎవ్వరమును అడుగము. శ్రోతలారా, ఈ రెండవ ప్రశ్నను గురించియే నేడు కొంత ముచ్చటింతము.

పేరాల పేరు వినగనే 1921వ సంవత్సరము గుర్తుకు వచ్చును. అంతకు ముందు 1919లో ప్రభుత్వము చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘముగ ఏర్పరచెను. ఏటా సుమారు 4 వేల రూపాయలుగ ఉండిన పన్ను 40 వేలకు పెరుగు స్థితి వచ్చెను. నేతపనివారు, సేద్యగాండ్రు, చిన్న వర్తకులు గల ఊరికి అది మోయరాని బరువు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లు విడిచి, రామనగరమను పాకల ఊరు కట్టుకొని, దాదాపు 11 నెలలు ఎండకు వానకు ఓర్చిరి. వారి తగవు శుభ్రతతోను, సౌకర్యముతోను కాదు. తమ మాట వినక, తమ శక్తి చూడక మోపిన పన్నుతో.

ఆనాటి కుటుంబమునకు పెరటి బావియే నీటి పథకము. తీరపు ఇసుకలో వాననీరు ఇంకి, అడుగుననున్న ఉప్పునీటిపై తేలియుండును. చేదతో తోడినంత కాలము ఆ తియ్యని పొరకు భయము లేదు. మోటార్లు పెట్టి మితిమీరి తోడినచో అడుగు ఉప్పు పైకి ఎగయును. కడలి ఉప్పు లోనికి జరుగును. అందుచేతనే జనము పెరిగిన కొలది తీరపు ఊళ్లు ఏటినీటికి, కాలువలకు, నిలువ చెరువులకు చేతులు చాపవలసి వచ్చెను. బావి నాడు మన నీరు మన చేతిలో ఉండెను. నేడది ఏటి తలుపు నుండి ఇంటి కొళాయి దాక సాగిన గొలుసు. అందులో ఏ లంకె అరిగినను చివర నున్న బిందె ఖాళీయే.

గొలుసు మొదటి లంకె చూడుడు. బెజవాడ వద్ద 1855 నాటికి పూర్తియైన ఆనకట్టకు 1952లో గండి పడెను. అప్పుడు గాని కొత్త కట్టడము ఆరంభము కాలేదు; 1957లో ప్రకాశము బ్యారేజి సిద్ధమయ్యెను. 2021 ఆగస్టు 5న పులిచింతలలో ఒక తలుపు కొట్టుకొనిపోయెను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయమున 19వ తలుపు గొలుసు తెగెను. అక్కడి 33 తలుపులు సుమారు 70 ఏండ్లుగ నీటి బరువు మోసినవి. కన్నయ్యనాయుడుగారి వంటి అనుభవజ్ఞుల నేర్పుతో, వారము రోజులలో ఆ ఖాళీని తాత్కాలికముగ మూసిరి. ఆ నేర్పునకు నమస్కరింతము. కాని గొలుసు తెగిన పిదప చూపు నేర్పు కంటె, తెగక ముందు చేయు మార్పు చౌక.

ఇక ఊరిలోని పంపు మాట. లోపల తిరుగు రెక్కల చక్రము ఇసుక ఒరపిడికి అరుగును. బేరింగులు వదులగును. అయినను పంపు ఆగదు, అదియే మోసము. తక్కువ నీరు ఇచ్చుచు, ఎక్కువ కరెంటు త్రాగుచు తిరుగుచునే యుండును. పంపు జీవితకాలమున దాని కొనుగోలు ధర కంటె కరెంటు ఖర్చే చాల అధికము. కనుక ‘ఇంకను తిరుగుచున్నది గదా’ అని పాతదానిని ఉంచుట పొదుపు కాదు.

అట్లని కొత్త పంపు ఒక్కటి తెచ్చి బిగించిన చాలదు. పాత ఇనుప గొట్టములలో తుప్పు గడ్డలు కట్టి దారి ఇరుకగును. బలమైన పంపు ఒత్తిడికి బలహీనమైన అతుకులు పగులును. కావున మొదట ఎంత నీరు బయలుదేరుచున్నదో, ఎంత ఇల్లు చేరుచున్నదో కొలవవలెను. పిదప కారుటలను అరికట్టి, తిరుగని వాల్వులను మార్చి, ఆపై పంపులను మార్చవలెను. ఒకటి పనిచేయుచుండగ మరియొకటి సిద్ధముగ నుండవలెను.

గొట్టముల సంగతి కేవలము సౌకర్యమునకు సంబంధించినది కాదు. నీటి సరఫరా ఆగిన వేళ గొట్టము ఖాళీయగును. ప్రక్కన మురుగు కాలువ ఉన్నచో, పగుళ్ల గుండ ఆ మురుగు లోనికి చేరును. మరునాడు మన చెంబులోనికి వచ్చునది అదియే. 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన త్రాగునీటి వలన అతిసారము ప్రబలి, వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి, ప్రాణములును పోయినవి. కొత్త ట్యాంకు కట్టినచో దారిని పోవువారందరును చూతురు. భూమిలో మార్చిన గొట్టమును ఎవరును చూడరు. అందుచేతనే అది ఎప్పటికప్పుడు వెనుకబడును.

దీనికి డబ్బు కావలెను. ఇక్కడ పేరాల పాత ప్రశ్న మరల మన ముందు నిలుచును. పన్ను ఎందులకు? ఎవరిని అడిగి? పన్ను కట్టువానికి ఈ సంగతి తెలియవలెను. ప్రతి పంపునకు, ప్రతి ప్రధాన గొట్టమునకు వయస్సు వ్రాసిన పట్టిక ఒకటి పురపాలక కార్యాలయపు గోడమీద ఉండిన చాలును. ఏది ఎప్పుడు పెట్టినది, ఏది ఎప్పుడు మార్చవలసినది అందరును చదువుకొందురు. నీటి రుసుములో కొంత భాగమును ఏటేట ఆ మార్పుల కొరకే వేరుగ దాచవలెను. తన రూపాయి ఏ వీధిలో ఏ గొట్టమైనదో చూడగలిగినవాడు రూపాయి ఇచ్చుటకు అంతగ వెనుదీయడు.

రామనగరపు పాకలు నేడు లేవు. లెక్క అడుగుటకు ఊరు విడువవలసిన అవసరమును నేడు లేదు. రేపు ఉదయము కొళాయి త్రిప్పునపుడు, నీరు వచ్చినను సరియే, ‘దీని వెనుకనున్న యంత్రము వయస్సెంత?’ అని ఒక్కమారు అడుగుదము. నీరు రాని దినమున అడుగు ప్రశ్న కోపముగ వినబడును. వచ్చుచున్న దినమున అడిగినది జాగ్రత్త యగును.