దైవకణమూ – దైవమూ

(సుల్తానాబాద్‌లో కార్తిక మాస సత్సంగ సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘విజ్ఞానశాస్త్రము – భగవద్విశ్వాసము’ అనే విషయం మీద మాట్లాడమని దేవస్థానం వారు నన్ను ఆజ్ఞాపించారు. నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కాను. బాల్యంలో వ్యాకరణ తర్కాలు గురుముఖతః నేర్చుకొని, ఆపైన విద్యార్థులకు సంస్కృతం చెప్పి, విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. అయినా ఒప్పుకోవడానికి ఒక కారణమున్నది. ఈ విషయంలో నేనొక అపరాధం చేశాను. ఏ సభలో చేశానో ఆ సభలోనే చెప్పుకోవడం ధర్మమని వచ్చాను.

2012 జూలై 4న జెనీవా నగరం దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో శాస్త్రజ్ఞులు ఒక ప్రకటన చేశారు. హిగ్స్ బోసాన్ లక్షణాలకు సరిపోలే కొత్త కణం ఒకటి తమకు దొరికిందన్నారు. మన పత్రికలలో, టీవీలలో ‘దైవకణం’ అన్న మాట మారుమోగింది. ఆ ఆషాఢ మాసంలోనే ఇదే మండపంలో నేను గొంతెత్తి, ‘చూశారా! మన ఋషులు చెప్పిన పరబ్రహ్మాన్ని పాశ్చాత్యులు యంత్రాలతో పట్టుకున్నారు’ అన్నాను. మీరు చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

సభ ముగిసిన తరువాత ఒక అమ్మాయి వచ్చి నమస్కరించింది. గోదావరిఖని నుంచి తండ్రితో కలిసి దర్శనానికి వచ్చిందట. తండ్రి బొగ్గుబాయిలో కార్మికుడు. అమ్మాయి డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్నది. ‘అయ్యగారూ, ఒక సందేహం. ఆ కణం పుట్టిన క్షణంలనే నశిస్తదని మా సార్లు చెప్పిన్రు. దేవుడు నిత్యుడని మీరే చెప్తరు. పుట్టి నశించేదాన్ని దేవుడని ఎట్లన్నరు?’ అని అడిగింది.

నేనేదో చెప్పి పంపించాను. అది సమాధానం కాదని నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిత్యమేదో, అనిత్యమేదో వేరు చేసి తెలుసుకోవడమే వేదాంతానికి మొదటి మెట్టని ఎన్నో ఏండ్లు పాఠం చెప్పినవాణ్ణి. ఒక పత్రికా వార్త చూసి ఆ మొదటి మెట్టు మీదనే జారిపడ్డాను. తరువాత ఆ అమ్మాయినే పిలిపించుకొని, ఆమె పాఠాలలోని విషయం అడిగి తెలుసుకున్నాను. తెలిసినంత మీకు నివేదిస్తాను.

మొదట పేరు సంగతి. ఇటువంటి కణం ఉండాలని 1964లో ఊహించినవాడు పీటర్ హిగ్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు. 2013లో నోబెల్ బహుమతి పొందాడు. ‘బోసాన్’ అన్న మాట మన సత్యేంద్రనాథ్ బోసు పేరు మీదుగా ఏర్పడింది. మరి దైవం ఎక్కడి నుంచి వచ్చింది? 1993లో లియోన్ లెడర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పుస్తకం పేరులో నుంచి. ఎంతకూ దొరకక విసిగిస్తున్న ఆ కణానికి ఒక తిట్టుమాట పెట్టాలనుకున్నాననీ, ప్రచురణకర్త ఒప్పుకోలేదనీ ఆయనే పరిహాసంగా చెప్పుకున్నాడు. మన వాఙ్మయంలో నిందాస్తుతి ఉన్నది. ఇక్కడ తిట్టబోయిన మాటే స్తోత్రమై మన చెవిన పడింది! హిగ్స్ గారికి ఆ పేరు నచ్చలేదు. ఆయన దైవాన్ని నమ్మినవాడూ కాదు.

ఇక వస్తువు సంగతి. భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. ఆ తాకిడిలో ఎప్పుడో ఒకసారి ఈ కణం పుడుతుంది. సెకనును కోటి కోటి కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగంపాటు కూడా నిలవదు. దానిని కంటితో చూసినవారు లేరు. అది నశిస్తూ రెండు కాంతికణాలుగానో, మరికొన్ని కణాలుగానో మారుతుంది. వాటిని కొలిచి, ఇక్కడ ఆ కణం ఉండినదని నిర్ణయిస్తారు.

ఇది విన్నప్పుడు నాకు చిన్ననాడు వల్లె వేసిన తర్కసంగ్రహం గుర్తుకు వచ్చింది. దానిని రచించిన అన్నంభట్టు తెలుగువాడే. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పున్నదని తెలుసుకోవడం అనుమాన ప్రమాణం. అయితే పొగ అనుకున్నది మంచు కావచ్చు, దుమ్ము కావచ్చు. హేతువును పరీక్షించకపోతే అది హేత్వాభాసమవుతుంది. సెర్న్‌లో రెండు బృందాలు వేర్వేరు యంత్రాలతో విడివిడిగా పరీక్షించాయి. కణమే లేకుండా కేవలం యాదృచ్ఛికంగా అటువంటి ఫలితం కనబడే అవకాశం సుమారు 35 లక్షలలో ఒకటికి తగ్గేవరకు ఆగి, అప్పుడు ప్రకటించాయి. హేత్వాభాసమంటే వారికి అంత భయం. తర్కం చదివిన నాకు ఆనాడు ఆ భయం లేకపోయింది.

ఆ కణానికి సంబంధించిన క్షేత్రం ఎలక్ట్రాన్ వంటి మూలకణాలకు ద్రవ్యరాశినిస్తుంది. గొప్ప విషయమే. కాని మన దేహపు బరువులో దానివల్ల కలిగేది నూటికి ఒక వంతు మాత్రమే. మిగిలిన దాదాపు అంతా ప్రోటాన్, న్యూట్రాన్ల లోపలి శక్తి వల్ల కలుగుతున్నది. కనుక ఆ కణం ప్రకృతిలో ఒక భాగం. ప్రకృతికి ప్రభువని దాన్ని అనలేము.

‘కంటికి కనబడదు, అంతటా ఉన్నది, కనుక దైవమే’ అనేవారున్నారు. వారికొక మాట. కోలారు బంగారు గనులు కర్ణాటకలో ఉన్నా, తెలుగువారు ఎందరో నివసించే సీమ అది. 1965లో అక్కడి గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కలిసి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. అంత రాతిని దాటి రాగలిగినవి అవి. సూర్యుని నుంచి వచ్చే న్యూట్రినోలైతే మన గోరంత చోటు గుండా సెకనుకు వేల కోట్లు దూసుకుపోతున్నవి. ఇప్పుడు సూర్యుడు అస్తమించాడు. అయినా భూమిని దాటుకొని మన పాదాల కింది నుంచి ఈ మండపంలోకి వస్తూనే ఉన్నవి. వాటికి ఎవరమూ నైవేద్యం పెట్టడం లేదు కదా! అదృశ్యమైనంత మాత్రాన ఏదీ దైవం కాజాలదు.

అట్లయితే విజ్ఞానం దైవాన్ని కాదన్నదా? అదీ లేదు. హిగ్స్ ఊహను ఆధారం చేసుకొని నిర్మించిన సిద్ధాంతానికి 1979లో నోబెల్ పొందినవారిలో అబ్దుస్ సలాం నిష్ఠగల ముస్లిం, స్టీవెన్ వైన్‌బర్గ్ నిరీశ్వరవాది. ఇద్దరూ విడివిడిగా ఆలోచించి ఒకే సిద్ధాంతానికి వచ్చారు. అది సలాం గారి నమాజును మాన్పించలేదు, వైన్‌బర్గ్ గారిని ప్రార్థనకు కూర్చోబెట్టనూ లేదు. సెర్న్ ఆవరణలో భారత ప్రభుత్వం 2004లో బహూకరించిన నటరాజ విగ్రహమున్నది. మనకది గౌరవమే. కాని మన పూజకు కారణం ఆ ప్రయోగశాల కాదు.

శంకర భగవత్పాదులు గీతాభాష్యంలో ఈ హద్దును నిర్ణయించారు. నిప్పు చల్లనిదని శ్రుతి ఎన్నిసార్లు చెప్పినా అది ప్రమాణం కాదని ఆయన భావం. ప్రత్యక్షానుమానాలకు అందే చోట వాటిదే అధికారం. వాటికి అందని చోట శ్రుతికి అధికారం. కణానికి బరువెంత అని వేదాన్ని అడగకూడదు. నేనెవరు, ఎట్లా బ్రతకాలి అని యంత్రాన్ని అడగకూడదు.

హద్దు దాటితే ఏమవుతుందో చెబుతాను. 2011లో న్యూట్రినోలు కాంతి కన్న వేగంగా పోయినవని యూరప్‌లో ఒక బృందం ప్రకటించింది. మరుసటి ఏడు, ఒక తీగ సరిగా బిగించకపోవడం వల్ల లెక్క తప్పిందని తేలింది. వారు ఒప్పుకొని సవరించుకున్నారు. ఆ వార్తను పట్టుకొని ‘ఇది మన ఋషులు ఎప్పుడో చెప్పారు’ అని ఎవరైనా ప్రవచనం చేసి ఉంటే, ఆ తీగ బిగించిన నాడు ఋషివాక్యం గతి ఏమిటి? పత్రికా వార్త మీద ఆనించిన విశ్వాసం ఆ వార్తతోనే పడిపోతుంది.

ఆ అమ్మాయి తండ్రి ఒకనాడు నాతో అన్న మాట చెప్పి ముగిస్తాను. ‘బాయి దిగేటప్పుడు మైసమ్మకు మొక్కుతం అయ్యగారూ. దిగినంక పైకప్పును కట్టెతోని తట్టి చూస్తం. మొక్కినమని తట్టుడు మానం, తట్టినమని మొక్కుడు మానం.’ నాకు ఇంతకన్న మంచి భాష్యం దొరకలేదు.

తల్లులారా, తండ్రులారా! మీ పిల్లలు మీతోనో, నావంటి వానితోనో ఇటువంటి ప్రశ్న వేస్తే కళ్లెర్ర చేయకండి. ఆనాడు ఆ అమ్మాయి అడగకపోతే నేనింకా అదే మాట చెబుతూ ఉండేవాణ్ణి. ఆనాటి చప్పట్లను మీకు తిరిగి అప్పగిస్తున్నాను. వాటికి నేను అర్హుణ్ణి కాను. భగవంతుడు మనకు సత్యం వినే చెవిని, తప్పు ఒప్పుకునే నోటిని ప్రసాదించుగాక!

స్వస్తి.