ఆతిథ్యం మూడు రోజులే

 

మన నెల్లూరు తీరపు బిడ్డలు చదువుకై విదేశాలకు వెళ్ళి, పరుల ఇండ్లలో నివసిస్తున్నారు. క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేసిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు, ఆశ్రయమిచ్చిన సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. అబ్దుర్రహ్మాన్ దుఆ చేసి, బజారుకు దారి మాత్రమే అడిగారు. నెయ్యి, పనీరు అమ్మి నిలదొక్కుకున్నారు.

అతిథి హక్కు మూడు రోజులేనని, ఆతిథేయికి భారమయ్యేంతగా ఉండరాదని దైవప్రవక్త (స) బోధించారు. మదరసాలో చదివేనాడు మేమూ పరుల ఇంట అన్నం తిన్నాం, పళ్ళెం కడగలేదు. ఆ ఇంటి తల్లి ఒక్క మాటైనా అనలేదు. నేటికీ మాకు సిగ్గే.

తల్లిదండ్రులారా! సాగనంపే ముందే బిడ్డలకు ఇంటిపని నేర్పండి. నమాజు వేళలు, హలాల్ నియమాలు మొదటి రోజే మర్యాదగా తెలుపమనండి.

అల్లాహ్ వారిని ఆతిథేయుల కంటికి చలువగా ఉంచుగాక! ఆమీన్.