నుదుటి గీత ఎక్కడ గీయాలి?

(స్వర్ణోత్సవ సభలో 1990 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున టిఫిన్ల దగ్గర నుంచి కనీసం పదిమంది నన్ను పట్టుకుని "నీకేంరా, ఈ వయసులో కూడా జుట్టు ఊడలేదు, మిలిటరీ వాడిలా పొట్టిగా కొట్టించుకున్నావు" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు మైకు ముందు నిజం చెప్పేస్తున్నాను. నా తల ముందు భాగంలో మీకు కనిపిస్తున్నది జుట్టు కాదు, సూదితో పొడిచిన రంగు చుక్కలు. ముప్పై ఎనిమిదో ఏటికే నాకు నడినెత్తి దాకా బట్టతల వచ్చేసింది.

కార్యదర్శి గారు ఫోన్ చేసి "నీ పని గురించి ఓ పదిహేను నిమిషాలు మాట్లాడు" అన్నప్పుడు జంకాను. డాక్టర్లు, ఇంజనీర్లు మాట్లాడే సభలో నేనేం చెప్పాలి? మీలో చాలామందికి మా నాన్న తెలుసు. మన స్కూలు గోడ పక్కన వేపచెట్టు కింద పొది పెట్టుకుని కూర్చునేవాడు. ఇక్కడున్న తలల్లో సగం ఆయన చేతిలో వంగినవే. నేను ఆ పని చేయకూడదనే ఆయన నన్ను ఈ స్కూల్లో వేశాడు. డిగ్రీ చదివాను, హైదరాబాద్‌లో సేల్స్ ఉద్యోగం చేశాను, నలభై దగ్గర పడ్డాక శిక్షణ తీసుకుని మళ్లీ తలల దగ్గరికే వచ్చాను. "కత్తి వదిలించాననుకుంటే సూది పట్టావేంట్రా" అన్నాడు నాన్న. తర్వాత ఒకరోజు మా సెంటర్‌కి వచ్చి, గంటసేపు పక్కన కూర్చుని చూసి, "కంగారు పడకుండా చేస్తున్నావు" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ మాట నాకు చాలు.

ఈ పనిని స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ అంటారు. సూటిగా చెప్పాలంటే ఇది తల మీద పొడిచే పచ్చబొట్టుకు చుట్టం. తేడా ఏమిటంటే సూది చాలా సన్నం, లోతు మిల్లీమీటరు కూడా ఉండదు, ఒక్కో చుక్క గొరిగిన వెంట్రుక మొదలంత ఉంటుంది. మా నాయనమ్మ చేతి మీద చుక్కలు ముసలితనంలో పాకి పచ్చగా అయిపోవడం చూశాను. లోతుకు దిగితే, తగని రంగు వాడితే తల మీద కూడా అదే జరుగుతుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు సిట్టింగులు పడుతుంది, మధ్యలో వారమో పది రోజులో ఎడం ఇస్తాం. కొన్నేళ్లకు రంగు వెలుస్తుంది, మళ్లీ దిద్దించుకోవాలి. ఒక్క వెంట్రుక కూడా కొత్తగా మొలవదు. బట్టతల ఎక్కువగా ఉన్నవాళ్లు మిగిలిన జుట్టును రెండు మూడు రోజులకోసారి గొరిగించుకుంటూ ఉండాలి. అప్పుడే చుక్కా వెంట్రుకా కలిసిపోతాయి.

ఇదంతా చేయి అలవాటైతే వచ్చే పని. అసలు కష్టం మొదటి రోజే ఉంటుంది. నుదుటి మీద గీత ఎక్కడ గీయాలి, ఎలా గీయాలి? తలరాత బ్రహ్మ రాస్తాడంటారు. ఆ రాతకు పైన గీసే ఈ గీత మాత్రం నా చేతిలో ఉంటుంది. ఒకసారి ఆ చేయి తప్పింది. అది చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో పాతికేళ్ల కుర్రాడొకడు తల్లితో కలిసి వచ్చాడు. రెండు నెలల్లో పెళ్లి. రెండు కణతల దగ్గరా జుట్టు వెనక్కి పోయింది. సినిమా హీరో ఫోటో చూపించి "ఇలా కావాలి" అన్నాడు. "పెళ్లి ఫోటోల్లో బాగుంటే చాలు బాబూ" అంది తల్లి. నుదురు సగానికి దించి, స్కేలు పెట్టినట్టు తిన్నగా, మూలలు కత్తిరించినట్టు పదునుగా గీశాను. పెళ్లిలో నిజంగానే బాగున్నాడు. ఫోటోలు పంపిస్తే మురిసిపోయాను.

మూడేళ్ల తర్వాత టోపీ పెట్టుకుని వచ్చాడు. టోపీ తీస్తే నాకు నోట మాట రాలేదు. నేను గీసిన గీత అక్కడే ఉంది. దాని వెనకున్న సొంత జుట్టు మాత్రం ఊడిపోయింది. నుదుటి మీద నల్ల పట్టీ, దాని వెనక ఖాళీ నెత్తి. ఆ ఖాళీని చుక్కలతో నింపవచ్చు, కానీ గీత అంత కిందికి ఉంటే నింపినకొద్దీ తలకు రంగు టోపీ తొడిగినట్టే ఉంటుంది. భార్యకు ముందే చెప్పావా అని అడిగితే తల దించుకున్నాడు. ఒకరోజు ఎండలో నిలబడి ఉండగా ఆమే చూసి "ఇదేమిటి?" అని అడిగిందట. ఆ తర్వాత మూడు నెలలు బయట పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లలేదట.

తప్పు ఆ కుర్రాడిది కాదు. మీ నాన్నగారికి బట్టతల ఉందా, మేనమామలకు ఉందా, ఎన్నేళ్లకు వచ్చింది అని నేను అడగలేదు. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి లేజరుతో ఆ గీతను వెలిసేలా చేయించాను. చాలా నెలలు పట్టింది. తర్వాత గీతను పైకి జరిపి మళ్లీ నేనే చేశాను. డబ్బు తీసుకోలేదు. ఆ రోజు నుంచి పెట్టుకున్న నియమాలే మీకు చెబుతున్నాను.

మొదటిది, ఇప్పటి తలను కాదు, ఇంకో ఇరవై ఏళ్ల తలను చూడాలి. మగవాళ్ల బట్టతల ఏ దారిలో పోతుందో 1951లో హామిల్టన్ అనే ఆయన వర్గీకరించాడు. 1975లో, అంటే మన సంఘం పుట్టిన ఏడే, నార్‌వుడ్ అనే డాక్టరు దాన్ని దిద్ది ఏడు దశలు చేశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ కొలతే వాడుతోంది. మూడో దశలో ఉన్న పాతికేళ్లవాడు ఆరో దశకు వెళ్తాడేమో ఆలోచించకుండా గీత గీయకూడదు.

రెండోది, ఎత్తు. అందరూ ఒకసారి కనుబొమలు పైకెత్తండి. నుదుటి మీద ముడతలు పడతాయి కదా? పిల్లల్లో, పదహారేళ్ల కుర్రాళ్లలో జుట్టు ఆ పై ముడత దగ్గరే మొదలవుతుంది. మగవాడు పెద్దవాడయ్యాక అది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు, అంటే ఒక వేలి వెడల్పు, పైకి జరుగుతుంది. అది బట్టతల కాదు, పెద్దరికం. ముడతల మీదికి చుక్కలు దింపితే కనుబొమ ఎత్తినప్పుడల్లా గీత కదులుతుంది, గుట్టు బయటపడుతుంది. జుట్టు నాటే డాక్టర్లు కూడా మగవాళ్లకు కనుబొమల మధ్య నుంచి 7 నుంచి 10 సెంటీమీటర్ల మధ్యే గీత పెడతారు.

మూడోది, ఆకారం. తిన్నని గీత, గుండ్రని గీత, మధ్యలో కాస్త కిందికి దిగే గీత, కణతల దగ్గర లోపలికి వెళ్లే గీత అని రకాలున్నాయి. గుండ్రని ముఖానికి గుండ్రని గీత పెడితే ముఖం ఇంకా బంతిలా కనిపిస్తుంది. పొడుగు ముఖానికి గీత మరీ పైన పెడితే ఇంకా సాగుతుంది. నలభై దాటిన మగవాడికి కణతల దగ్గర కొంత ఖాళీ ఉండనివ్వడమే అందం. కంటి బయటి కొస నుంచి తిన్నగా పైకి ఒక గీత ఊహించుకోండి. ఆ ఖాళీ మూల దాదాపు ఆ గీత మీదికి వస్తే సహజంగా ఉంటుంది.

నాలుగోది, అంచు. పదునైన అంచు పాతికేళ్లవాడికి, రోజూ మంగలి షాపులో గీత తీయించుకునేవాడికి కొంత నప్పుతుంది. మిగతావాళ్లకు అంచు విరిగినట్టుండాలి. ముందు వరుసలో చుక్కలు చిన్నవి, పలచన, అక్కడక్కడా తప్పిపోయినట్టు, వెనక్కి వెళ్లేకొద్దీ దట్టంగా. రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండకూడదు. ఇక్కడ లెక్కల మాస్టారు నన్ను క్షమించాలి. మీరు నేర్పిన జామెట్రీతోనే కొలుస్తాను సార్, కానీ చివర్లో కావాలనే కాస్త తప్పుతాను. డ్రాయింగ్ మాస్టారు "గట్టిగా నొక్కకు, ముందు చెరిపేసేలా గీయి" అనేవారు. నా పనిలో సగం ఆ మాటే. తొలి సిట్టింగు ఎప్పుడూ పలచగానే చేస్తాను. ముదురు చేయడం ఎప్పుడైనా చేయొచ్చు, తగ్గించడమే కష్టం.

మన బ్యాచ్ వాడే ఒకడు, ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నాడు, వాడి అనుమతితోనే చెబుతున్నాను, పదో తరగతి గ్రూపు ఫోటో పట్టుకుని వచ్చాడు. "ఒరేయ్, ఇలా పెట్టరా" అన్నాడు. ఆ ఫోటోలో వాడికి పదిహేనేళ్లు. వాడితో వాదించలేదు. చర్మం మీద గీసే పెన్సిల్‌తో ఒక పక్క ఆ ఫోటోలో గీత, రెండో పక్క నేను అనుకున్న గీత గీసి అద్దం ముందు కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోటో గీతను వాడే తడిగుడ్డతో తుడిచేసుకున్నాడు. రెండో గీతతోనే ఇంటికి పంపాను. భార్యకు, కూతురికి చూపించి, పగటి వెలుతురులో ఫోటో తీసుకుని, మర్నాడు రమ్మన్నాను. సూది పట్టుకునే ముందు ఆ ఒక్కరోజు ఆగనివాళ్లకు నేను పని చేయను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆడవాళ్లకు సాధారణంగా ముందు గీత పోదు, పాపిడి వెడల్పవుతుంది. పొడుగు జుట్టు కింద అక్కడ చుక్కలు పెడితే నెత్తి తెల్లగా కనిపించడం తగ్గుతుంది. పాత కుట్ల మచ్చలను కూడా ఇలా కప్పవచ్చు. పేనుకొరుకుడు కొత్తగా పాకుతున్నప్పుడు, తల మీద సోరియాసిస్ లేచినప్పుడు ఆగాలి. మచ్చలు ఉబ్బి గట్టిపడే శరీరమైతే, షుగరు అదుపులో లేకపోతే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందు డాక్టరును అడగాలి. సూది మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్టు చింపి తీయాలి. పని చేసేవారిని తాజాగా చేసినవి కాదు, రెండు మూడేళ్ల కిందట చేసిన తలల ఫోటోలు చూపించమనండి. తిరుపతి మొక్కు ఉంది, గుండు చేయించుకుంటే పోతాయా అని అడుగుతారు. పోవు, అవి చర్మం లోపల ఉంటాయి. కాకపోతే పుండు పూర్తిగా మానాకే కత్తి తగలనివ్వండి. మొక్కు ముందే తీర్చుకుని వస్తే మరీ మంచిది.

ఇంకొక్క మాట. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి నేను వద్దని చెప్పి పంపేస్తాను. "మా ఆవిడకు తెలియకూడదు" అనేవాళ్లకు తప్పకుండా చెబుతాను. నా పెళ్లి కుర్రాడి కథ మీరు విన్నారు కదా. ఎవరో వెక్కిరించారని వచ్చేవాళ్లతో గంటసేపు మాట్లాడతాను. మన లెక్కల మాస్టారికి మేము చదివే రోజులకే బట్టతల. పేరు కూడా పెట్టాం, అది ఆయనకూ తెలుసు. అయినా ఆయన క్లాసులోకి అడుగుపెడితే సూది పడినా వినిపించేది. గీత గీయించుకోకుండా బతకడం కూడా ఒక మంచి స్టైలే అని నేను మా కస్టమర్లకు చెబుతుంటాను. దానికి ఉదాహరణ ఎప్పుడూ మీరే సార్.

వేపచెట్టు కొట్టేశారని పొద్దున చూశాను. ఆ చోట సైకిల్ స్టాండు కట్టారు. ఏడో తరగతిలో ఎవరో నా పుస్తకం మీద "పొది" అని రాస్తే, ఇంటికి వెళ్లి నాన్న మీద అరిచాను. ఆయన ఏమీ అనలేదు, మర్నాడు వేరే చెట్టు కిందికి మారాడు, నా స్నేహితులకు కనిపించకుండా. వారం రోజుల తర్వాత నేనే వెళ్లి పొది మోసుకొచ్చి మళ్లీ ఇక్కడ పెట్టాను. ఇవాళ ఈ మైకు ముందు ఆయన కొడుకునని చెప్పుకునే అవకాశం ఇచ్చిన సంఘానికి చేతులెత్తి దండం పెడుతున్నాను.

భోజనాల దగ్గర కలుద్దాం. నా తల దగ్గర నుంచి చూడాలనుకున్నవాళ్లు మొహమాటపడకండి, టిక్కెట్టు లేదు.