ఒక గది, నలుగురి చూపు

(ఒక గ్రంథాలయ సభలో చేసిన యుపన్యాసము)



ఒక గదిలో నలుగురు బల్లచుట్టు నిలిచియున్నారు. బల్లపై నేమియు లేదు. అయినను ఒకరు వ్రేలితో దేనినో చూపుచున్నారు. తక్కిన మువ్వురు వంగి చూచి తలలూపుచున్నారు. వాకిట నిలిచినవానికి వీరికి మతి చలించినదని తోచును. కాని వారందఱు కన్నులకొక యంత్రమును తగిలించుకొనియున్నారు. అది గదిని, బల్లను, ఎదుటి మనుష్యుని ఉన్నది యున్నట్లే చూపుచు, ఆ నడుమ లేని వస్తువునొకదానిని నిలుపును. దీనికి మిశ్రమ వాస్తవమని పేరు. మిల్‌గ్రామ్, కిషినో అను పండితులు 1994లో ప్రకటించిన వ్యాసమువలన ఈ పేరు రూఢమైనది. ఒక్కడు ఏకాంతమున చూచు వినోదమును గూర్చి నేను నేడు ప్రసంగింపను. పలువురొక్కచోట కూడి యొక్క వస్తువునే చూచుట యెట్లు సాధ్యమగుచున్నది, ఆ సాధ్యత యెవరిచేతిలో నున్నది యనునదే నా విషయము.

దీనివలన మేలు లేదని చెప్పువాడను గాను. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయము కలదు. అచ్చటివారు వైద్యవిద్యార్థులకు శరీరనిర్మాణశాస్త్రమును బోధించుటకై మైక్రోసాఫ్టువారి హోలోలెన్సు అను యంత్రముపై పాఠములను సిద్ధపఱచిరి. విద్యార్థులు చుట్టును నిలుతురు. నడుమ మానవశరీరము కాంతిరూపమున నిలుచును. చర్మము తొలగును, కండరములు తొలగును, లోపలి గుండె కానవచ్చును. తూర్పుననున్నవానికి ఒక పార్శ్వము, పడమటనున్నవానికి మఱియొక పార్శ్వము. రక్తనాళము వెనుక నేమున్నదో చూడగోరినవాడు రెండడుగులు ప్రక్కకు నడచిన చాలును. సందేహమడుగువాని ముఖమును తోడివారికి కనబడుచునే యుండును. పుస్తకములోని బొమ్మ యెంత చక్కనిదైనను దానిచుట్టు తిరిగి చూడలేము గదా!

ఈ యేకదృష్టి తేలికగా దొరికినది కాదు. మన తోలుబొమ్మలాటలో ఒకే తెర. ఊరివారందఱు ఒక్కమాఱే నవ్వుదురు, దానికై యెవరితో నెవరును ఒడంబడిక చేసికొననక్కఱలేదు. (ఆ తెరముందే నిదురపోవువారి మాట వేఱు.) ఈ యంత్రములందన్ననో, ఎవరి కంటి తెర వారిదే. 1992లో షికాగోలోని ఇలినాయి విశ్వవిద్యాలయమువారు ‘కేవ్’ అను గదిని ప్రదర్శించిరి. దానికి గోడలే తెరలు. పలువురు లోపల నిలువవచ్చును. కాని యంత్రము ఒక్కని తలకదలికనే కనిపెట్టి, వాని కంటికి సరిపోవునట్లు చిత్రమును లిఖించెడిది. ప్రక్కవారికి అదే చిత్రము వంకరగ కనబడెడిది. అందఱు లోపలివారే; సరిగ చూచువాడు మాత్రమొక్కడు! ఇట్టి సభలను మనమెఱుగనివారము కాము. ఆ దశాబ్దముననే వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయమువారు ‘స్టూడియర్‌ష్టూబె’ అను ప్రయత్నమున తలకొక యంత్రము చొప్పున నిచ్చి, ఎవరు నిలిచినచోటికి తగిన దృశ్యమును వారికి చూపిరి.

చూపులు వేఱైనప్పుడు కొలతలు కలియవలెను. నేటి యంత్రము ప్రతియొక్కటియు తన కెమెరాలతో గదిని పరికించి, గోడమూలలను, బల్లయంచులను, గోడపై వ్రేలాడు పటములను గుర్తించుకొని, తనకుతానొక కొలతపటమును గీసికొనును. దానిని వెలిగించినచోటే దాని కొలతకు మొదలు. నలుగురు నాలుగుచోట్ల వెలిగించినచో మొదళ్లు నాలుగు. ఒక పొలమును నలుగురు నాలుగు రాళ్లనుండి గొలుసు లాగి కొలిచి, ఆ రాళ్లకు తమలో పొత్తు కుదుర్చుకొనకున్న నేమగును? ఇచ్చటను అదియే యగును. కావున అందఱు ఒక్క రాతికి సమ్మతింపవలెను. ఈ విద్యలోనివారు ఆ రాతిని యాంకరు, అనగా లంగరు, అని పిలుచుచున్నారు. సమ్మతిలో రెండు మూడంగుళముల భేదము వచ్చెనా, గురువు గుండెను చూపుచుండగా శిష్యునికి ఆ వ్రేలు ఊపిరితిత్తిపై కనబడును. ఇరువురును కన్నదే చెప్పుచు తగవులాడుదురు.

మఱి ఆ రాయి యెచ్చటనున్నది? 2019లో మైక్రోసాఫ్టువారు ‘అజ్యూర్ స్పేషియల్ యాంకర్స్’ అను సేవను లోకమునకు తెలిపిరి. ఒక యంత్రము గదిలోని గుర్తులను గ్రహించి ఆ సంస్థవారి కంప్యూటరులకు పంపును. రెండవ యంత్రము తాను చూచిన గుర్తులను వానితో సరిపోల్చుకొని, రాయి యెచ్చటనున్నదో తెలిసికొనును. చేయి చాచిన తగులునంత దగ్గఱనున్న యిరువురు, తమ నడిమి బల్ల యెచ్చటనున్నదో దూరముననున్న మూడవవాని నడిగి తెలిసికొనుచున్నారన్నమాట! సేవ సౌకర్యముగనే యుండెను. హోలోలెన్సునకును, ఐఫోను, ఆండ్రాయిడు ఫోనులకును మైత్రి కూర్చెను. 2024 నవంబరు 20వ తేదిన దానిని మూసివేసిరి. హోలోలెన్సు 2 నిర్మాణమును నిలిపివేసినట్లును ఆ సంవత్సరముననే తెలిపిరి. 2014లో ఆ సంస్థకు అధిపతియైన సత్య నాదెళ్ల మన హైదరాబాదున జన్మించినవాడు. అందులకు మనము సంతోషింపవచ్చును గాని, లంగరు తెగినవారికి దానివలన నూఱట లేదు. లాభములేని కొట్టును వర్తకుడు మూసికొనుట నేరము కాదు. మన గదిలో నాటవలసిన రాతిని వాని కొట్టులో దాచుట మాత్రము తెలివి కాదు.

వేఱు త్రోవ లేకపోలేదు. 2018లో ఆపిల్ వారు తమ ఫోనులకొక యేర్పాటు చేసిరి: ఒక ఫోను తాను గీసిన గదిపటమును ప్రక్కనున్న ఫోనునకు నేరుగ నందింపవచ్చును, మూడవవాని ప్రమేయము లేదు. ఆ యేటనే గూగులువారు లంగరులను తమ కంప్యూటరులందు నిలుపు పద్ధతిని తెచ్చిరి. కాగా రెండు త్రోవలును ఒక్క సంవత్సరముననే తెఱవబడినవి. మొదటిది సాధ్యము కానిదని ఎవరేని చెప్పినచో నమ్మకుడు.

మూడవ త్రోవయు కలదు. నాకు మిక్కిలి ముచ్చటైనదది. కాలిఫోర్నియాలోని ఓక్లాండున బ్రెట్ విక్టరును ఆయన సహచరులును ‘డైనమిక్‌ల్యాండ్’ అనుచోట కంటియంత్రమునే విడిచివేసిరి. పైకప్పున కెమెరాలు, ప్రొజెక్టరులు, బల్లపై కాగితములు. కాగితపు టంచులనున్న రంగుచుక్కలనుబట్టి కెమెరా దానిని గుర్తించును. ఆ కాగితమునకు చెందిన యాజ్ఞ ననుసరించి దానిపై వెలుగు పడును. కాగితమును చేతితో జరిపినచో దృశ్యమును దానితో జరుగును. గాలిలో గుండెను నిలుపుట దీనివలన కాదు, నిజమే. కాని గదిలోనికి వచ్చిన పిల్లవాడు ఏమియు కొనకయే కార్యమున చేయి కలుపును. హోలోలెన్సు 2 వెల 2019లో 3,500 డాలర్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆపిల్ విజన్ ప్రో వెల 3,499 డాలర్లు. 40 మంది తరగతికి ఇంచుమించు 1,40,000 డాలర్లు!

ఆపిల్ వారు 2025లో విజన్‌ఓఎస్ 26తో ఒకే గదిలోనివారు ఒకే దృశ్యమును చూచు సదుపాయమును చేర్చిరి. ఇట్టివి ఇంకను వచ్చును. మన వైద్యకళాశాలల వాకిటికిని అమ్మువారు వత్తురు. వలదని నేననను. కొనుటకు ముందు ఇంటర్నెట్టును తెంపి, యంత్రములను వారిచేతనే నడిపించి చూడుడు. అప్పుడును నలుగురికి ఆ గుండె యొక్కచోటనే కనబడుచున్నదా? గదిపటము ఎవరియొద్ద నుండును? మన గోడలు, మన పటములు, మన పిల్లలు కూర్చుండుచోట్లు అన్నియు దానిలో గుర్తులై యుండవచ్చును. సేవను మూసిన దినమున ఆ పటమును మన చేతికిత్తురా? బదులు కాగితముపై వ్రాయించుకొనుడు. వ్రాయనొల్లనివాని సరకును ఆ సంవత్సరమునకు కొనకుండుడు.