కర్మశాలలో పెద్దఱికము



బాలురకు శబ్దమంజరి చెప్పుచు జీవితము గడపిన మాకు యంత్రముల సంగతి తెలియదు. కాని పదిమందిని ఒకచోట కూర్చి పనిచేయించువాని ధర్మమెట్టిదో కొంత తెలియును.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒకప్పుడు పొలములతో, చెఱువులతో నిండిన సీమలు. నేడు రహదారుల వెంట కర్మాగారములు, గిడ్డంగులు వెలసినవి. 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట చెంతనే యున్నది. 2021లో దేశమందెల్ల పంచబడిన కొవాగ్జిన్ టీకా అక్కడి భారత్ బయోటెక్ సంస్థవారిదే. మన బాంధవులలో కొందఱిచ్చట యజమానులైరి. మఱికొందఱు మేనేజర్లు, సూపర్‌వైజర్లు అయిరి. తమ పనిచోటి నడవడి మంచిదో చెడ్డదో వీరెట్లు తెలిసికొనవలెను?

"అంతయు బాగుగనే యున్నదా?" యని యడిగినచో "బాగుగనే యున్నదండి" యని యెల్లరు నందురు. ఇన్‌స్పెక్టరు వచ్చుదినమున బడిగోడలకు సున్నము, పిల్లలకు ఉతికిన బట్టలు నుండును. ఆనాటి బడిని చూచి తక్కిన దినముల సంగతి గ్రహింపరాదు.

సభాపర్వమున నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి క్షేమమడిగి యూరకుండలేదు. ఒక్కొక్క విషయమును విడివిడిగా ప్రశ్నించెను. సేనకు భోజనము, జీతము కాలము తప్పక ముట్టుచున్నవా యని యడిగెను. జాగైనచో కొలువువారు కినిసి అనర్థము పుట్టునని హెచ్చరించెను. పరీక్షింపదలచిన యజమానికి అదియే మార్గము.

జీతము, అదనపు గంటల సొమ్ము చెప్పిననాటికి ముట్టుచున్నవా? ఈ సంవత్సరము పని మానినవారెవరు, ఏల మానిరి? ఒడిశా, బీహారులనుండి వచ్చినవారికి అపాయసూచనలు వారి భాషలో నున్నవా? 10 మందికి తక్కువగాక పనిచేయుచోట స్త్రీల ఫిర్యాదులు విచారించుటకు అంతర్గత కమిటీ యుండవలెనని 2013 నాటి చట్టము విధించినది. దాని అధ్యక్షురాలెవరో ఆడువారికి తెలియునా? కడపట, మీకు చెడువార్త తెచ్చినవానితో మీరు పలికిన మొదటిమాట యేది?

ఈ కడపటి ప్రశ్నయే ముఖ్యము. 2025 జూన్ 30వ తేదీన సంగారెడ్డి జిల్లా పాశమైలారమున ఒక ఔషధ కర్మాగారములో ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా మృతిచెందిరి. దాని కారణములను నిర్ణయించుట మా పని కాదు. కాని ఆ వార్త విన్న ప్రతి యజమానియు తన్ను తానడుగుకొనవలసినది యొకటి కలదు: యంత్రములో తేడా యున్నదని కడగొట్టు పనివాడు గ్రహించినచో, అతడు భయపడక పని ఆపి చెప్పగలడా?

మన సంఘమువారికి ప్రత్యేకముగా నొకమాట విన్నవింతుము. కులాభిమానము వసతిగృహములు కట్టించినది, పేదపిల్లలను చదివించినది. అది సభామందిరమున శోభించును. కర్మశాల వాకిట దానిని విడిచి లోనికి పోవలెను. మనవాడని యొకని తప్పు కప్పిపుచ్చి, అదే తప్పునకు పరాయివానిని దండించినచో, తక్కినవారు నోరు మూసికొందురు. నోరు మూసికొన్నచోట అపాయము ముందుగా తెలియదు. పనితనము గలవాడు నిలువడు.

నడవడి దిద్దుట ఉపన్యాసములచేతగాని, గోడకు వ్రాయించిన సూక్తులచేతగాని కాదు. పనివారు చెప్పిన లోపములలో ఒకదానిని వెంటనే సవరించి, ఫలానావారు చెప్పినందున సవరించితిమని అందఱియెదుట చెప్పుడు. సవరింపజాలనిదాని కారణము తెలుపుడు. పెద్దవారు సమయమునకు రాక చిన్నవారిని ఆలస్యమునకు దండింపరాదు. ఆఱుమాసములకొకపరి ఆ ప్రశ్నలనే మరల వేసికొనుడు.

మన పోషకుల కర్మశాలలలో జీతమునకేగాక గౌరవమునకును లోటు లేదని పొరుగువారు చెప్పుకొనునట్లు వర్తింతురని నమ్ముచున్నాము.