వానను వాలులోనే ఆపండి - వేసవిలో ఆకు దక్కుతుంది

(సరిహద్దు గ్రామాల పట్టు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు పురుగుల గురించి కాక నీటి గురించి మాట్లాడదలచాను. దానికి కారణం ఉంది. 100 గుడ్లు పెంచడానికి సుమారు టన్ను ఆకు కావాలి. అందులో నూటికి 80 పాళ్లకు పైగా నాలుగో జ్వరం దాటిన తరువాతే పురుగులు తింటాయి. ఆ వారం రోజుల్లో ఆకు చాలకపోయినా, ముదిరి తేమ తగ్గినా అంతవరకు పెట్టిన ఖర్చు, చేసిన చాకిరీ వృథా అవుతాయి. అప్పుడు గుడ్లు మంచివి కావని, ఎండలు ముదిరాయని అనుకుంటాం. కాని చాలాసార్లు ఆ పంట పోయింది మార్చిలో కాదు. అంతకు ముందు శ్రావణంలో, వాన నీరు మన పొలంలో నిలవకుండా గెడ్డలోకి దిగిపోయిన రోజునే పోయింది.

కొరాపుట్, రాయగడ జిల్లాలు వాన లేని జిల్లాలు కావు. కొరాపుట్‌లో ఏటా 1500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వర్షం పడుతుంది. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్ల నీరు. ఆ లెక్కన మీ ఎకరంలో ఏడాదికి 60 లక్షల లీటర్లు పడుతోంది. అయితే అందులో సింహభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపునే పడిపోతుంది. పైగా వానకు వానకు మధ్య ఎడం పెరిగి, పడిన రోజున కుండపోతగా పడుతోంది. 2017 జూలైలో నాగావళి, కళ్యాణి నదులు పొంగి రాయగడ జిల్లాలో వంతెనలు కొట్టుకుపోవడం, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చేసిన నష్టం మీకు గుర్తుండే ఉంటాయి. పరుగెత్తే నీటిని నడిపించాలి, నడిచే నీటిని ఇంకించాలి. మన పని అంతే.

ఇది మన పెద్దలకు తెలియని విద్య కాదు. గెడ్డకు అడ్డంగా అంచెలంచెలుగా రాతి గట్లు కట్టి, పై నుంచి కొట్టుకొచ్చే మట్టిని ఆపి, ఝోలా భూముల్లో వరి పండించిన కొంధు, సవర రైతుల పనితనం మన కళ్ల ముందే ఉంది. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కింద ఝోలాలో వారు చేసిన పనినే పైన డొంగరు వాలులో మల్బరీ రైతు చేయాలి.

ముందుగా నేల సంగతి. బాగా ఏటవాలుగా ఉన్న చోట మల్బరీ వేయవద్దు. అక్కడ చెట్టూ పుట్టా ఉండనివ్వాలి. ఓ మోస్తరు వాలులో సాళ్లు ఎప్పుడూ వాలుకు అడ్డంగానే ఉండాలి. పై నుంచి కిందికి సాళ్లు తీస్తే ప్రతి సాలూ ఒక కాలువ అవుతుంది, పైమట్టిని మోసుకుపోతుంది.

వాలుకు సరిగ్గా అడ్డం ఏదో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. సమానమైన రెండు కర్రలను తలల దగ్గర కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పై ముడి నుంచి దారంతో ఒక రాయి వేలాడదీయండి. రెండు కాళ్లను నేల మీద నిలిపి, దారం అడ్డకర్రను తాకిన చోట గుర్తు పెట్టండి. కాళ్ల చోట్లు మార్చి మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడి మధ్యకు దారం వచ్చినప్పుడు రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా అడుగులు వేస్తూ మేకులు కొట్టుకుంటూ పొలం దాటితే, ఆ గీత మీద కందకం తీయవచ్చు. కందకం అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉంటే చాలు. తవ్విన మట్టిని పల్లపు వైపే గట్టుగా పోయాలి. గట్టు మీద కొండచీపురు గాని, వట్టివేరు గాని నాటితే గట్టు నిలుస్తుంది. చీపురుతో నాలుగు డబ్బులు కూడా వస్తాయి. వానల తరువాత సాళ్ల మధ్య ఎండు ఆకు, గడ్డి పరిస్తే తేమ ఆరిపోదు. చెదలు పట్టకుండా మొదలుకు జానెడు ఎడం ఉంచండి. పురుగుల పడక చెత్తను మాత్రం పచ్చిగా తోటలో వేయకూడదు. దానితో రోగం మళ్లీ షెడ్డుకు చేరుతుంది. గుంటలో బాగా కుళ్లిన తరువాతే వేయాలి.

ఇక కుంట సంగతి. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతుతో, పక్కలు ఏటవాలుగా తవ్విన కుంటలో సుమారు లక్షా 30 వేల లీటర్లు పడుతుంది. ఇంకినది, ఆవిరైనది పోగా సగమే మిగిలిందనుకోండి. ఎకరం తోటకు ఒక్కసారి నిండుగా నీరు పారించాలంటే లక్షన్నర లీటర్లు కావాలి. అంటే ఆ కుంట ఒక్క తడికి కూడా చాలదు. ఎవరైనా చాలుతుందని చెబితే నమ్మవద్దు. మీ అసలు చెరువు మీ నేలే. కుంట ఆపద మొక్కు మాత్రమే.

మరి ఆ కొద్ది నీటితో ఏం చేయాలి? మొక్కల ఎడం మార్చాలి. 3 అడుగుల ఎడంలో ఎకరానికి 4840 మొక్కలు పడతాయి. 8 అడుగుల ఎడంలో చెట్టు మల్బరీగా పెంచితే 680 మొక్కలే. వాటి వేళ్లు లోతుకు పోతాయి, ఎండకు ఓర్చుకుంటాయి. చెట్టుకు 20 లీటర్ల చొప్పున పోసినా ఒక తడికి 13,600 లీటర్లు సరిపోతాయి. మిగిలిన నీటితో నాలుగు తడులు ఇవ్వవచ్చు. మధ్య జాగాలో వానాకాలంలో చోళ్లు, మినుములు వేసుకోవచ్చు. వర్షాధారపు ఎర్ర నేలలకు సి-1730 రకం అనువైనది. ఇది బెంగాల్‌లోని బహరంపూర్ కేంద్ర పట్టు పరిశోధన సంస్థ రూపొందించిన రకం. ఎస్-1635 రకం నీటి వసతి ఉన్నవారికే.

కుంటకు నీరు వచ్చే దారిలో ఒక పూడిక గుంట, నీరు పొర్లిపోయే చోట రాతి పేర్పు తప్పనిసరి. ఇవి లేకపోతే ఒక్క కుండపోతకే గట్టు తెగుతుంది. పత్తి చేల మీదుగా వచ్చే నీటిని కుంటలోకి రానివ్వకండి. ఆ మందు పట్టుపురుగుకు విషం.

గుడ్లు తెచ్చుకునే ముందు ఆకు చూసుకోండి, ఆకు చూసే ముందు తేమ చూసుకోండి. రెండడుగులు తవ్వి మట్టిని పిడికిట పట్టండి. ముద్ద కాకుండా రాలిపోతే ఆ విడతలో గుడ్లు సగానికి తగ్గించండి, లేదా మానండి. 100 గుడ్లు తెచ్చి పారబోయడం కంటే 50 గుడ్లు తెచ్చి గూళ్లు తీయడం మేలు.

చివరిగా ఒక మాట. ఎండలు ముదరగానే గెడ్డలో ఇంజను పెట్టి తోడుకునే అలవాటు పెరుగుతోంది. ఆ గెడ్డ మీద కింద ఝోలా వరి ఉంది, ఊరి ఊటబావి ఉంది, పశువుల దాహం ఉంది. ఎవరు ఎంత, ఎప్పుడు తోడాలో ఊరంతా కూర్చుని ముందే నిర్ణయించుకోవాలి. మన ఊరు దాటాక కూడా ఆ నీటికి బంధువులున్నారు. రాయగడ మీదుగా దిగే నాగావళి పార్వతీపురం మన్యం జిల్లాలోని తోటపల్లి దగ్గర పొలాలకు మళ్లుతోంది. మన వాలులో ఆగని మట్టి అక్కడ పూడికవుతుంది. ఇక్కడ మనం తీసిన కందకం ఇరువైపులా రైతుకూ మేలే.

వచ్చే తొలకరికి ముందే మీలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక్క సాలు కందకమైనా తీసి చూడండి. దసరా నాటికి దాని పక్క చెట్టును, దూరంగా ఉన్న చెట్టును పోల్చి చూడండి. అప్పుడు నా మాట అవసరం ఉండదు, ఆకే చెబుతుంది.